స్పాక్ గారూ, తేమ ఎంత?

ముందే ఒప్పుకుంటున్నాను. స్టార్ ట్రెక్ నాకు నచ్చలేదు. ఈ మాట మా గుడివాడ మామయ్య ఎదుట అంటే సంక్రాంతికి వాళ్ళింట్లో నాకు అరిసె ముక్క కూడా పుట్టదు. మన సావనీర్ ఆయన చదవరన్న ధైర్యంతో వ్రాస్తున్నాను.

మామయ్య 1980లలో హైదరాబాదులో చదువుకున్నారు. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దుట స్టార్ ట్రెక్ వచ్చేదట. ఇంగ్లీషు సగమే అర్థమైనా హాస్టలు కుర్రాళ్ళంతా స్నానాలు మానేసి టీవీ ముందు కూర్చునేవారట. ఆ భక్తి ఇంకా తగ్గలేదు. ఎవరైనా గొప్పవాడంటే ఆయనకు కేప్టెన్ కిర్క్, తెలివైనవాడంటే మిస్టర్ స్పాక్. నేను బి.ఎస్.సి.లో చేరానని పెన్‌డ్రైవ్‌లో మొత్తం 79 భాగాలూ ఎక్కించి, రామాయణం చేతికిచ్చినట్టు ఇచ్చారు. మొదటి రెండు సీజన్లూ, అంటే 55 భాగాలు చూశాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నేను 55 మెతుకులు చూశాను.

అట్టరాళ్ళు, రంగు దీపాలు చూసి నవ్వుతున్నాననుకోకండి. 1966 నాటి సీరియల్‌కి అది తప్పేం కాదు. పరదా మీద గీసిన అడవిని చూసి దండకారణ్యమని నమ్మి ఏడ్చిన జనం మనం. ప్రతి వారం ఓడను ఒక గ్రహం మీద దింపి చూపించాలంటే ఖర్చెక్కువని, మనుషుల్ని మెరుపులా మాయం చేసి కింద తేల్చే యంత్రాన్ని కల్పించారట. డబ్బు లేనివాడి ఉపాయం అది, నాకు ముచ్చటేసింది. నల్లజాతి మహిళ ఉహురా, జపాను మూలాలున్న సులు, రెండో సీజను నుంచి రష్యా కుర్రాడు చెకోవ్, వీళ్ళంతా ఒకే ఓడలో పక్కపక్కన కూర్చుని పనిచేయడం ఆనాటి అమెరికాలో చిన్న విషయం కాదు. మామయ్య ఈ మాట చెప్పినప్పుడు నేను ఎదురు చెప్పలేదు.

ఒక భాగంలో ధాన్యం కథ ఉందంటే ఆశగా కూర్చున్నాను. గోధుమనీ రై ధాన్యాన్నీ కలిపి పుట్టించిన ట్రిటికేల్ అనే పంట నిజంగానే ఉంది. దానికి ముందు తరంవాళ్ళు ఇంకో పెద్ద పేరు తగిలించారు. కొత్త గ్రహానికి విత్తనంగా పంపవలసిన ఆ ధాన్యం కొట్లలో పడి ట్రిబుల్స్ అనే బొచ్చు జీవాలు తింటాయి, తిని చస్తాయి, గింజలో విషం కలిపారని తేలుతుంది. నవ్వొచ్చే మాట నిజమే. కాని అది ఎన్నాళ్ళ పంట, ఎకరానికి ఎన్ని బస్తాలు, కొట్టులో పోసేటప్పుడు తేమ ఎంత, ఇవి ఒక్కడూ అడగడు.

అసలు నా గొడవ ఈ తేమ దగ్గరే ఉంది.

స్పాక్ ఒక గూటిలాంటి దాంట్లోకి వంగి చూస్తాడు. రెండు క్షణాల్లో గ్రహం మీద గాలి ఏమిటో, ఎంతమంది ఉన్నారో చెప్పేస్తాడు. కిందికి దిగితే భుజాన ట్రైకార్డర్ ఉంటుంది. ఎప్పుడైనా చెడిపోతే చెడిపోవచ్చు, కాని పనిచేసినంతసేపూ అది చెప్పిందే వేదం. ఇద్దరి చేతుల్లో రెండు ట్రైకార్డర్లుంటే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. మా ధాన్యానికి అలా కాదు. తేమ 17 శాతం దాటకూడదని నియమం. నిరుడు ఒకచోట మా బస్తాలో గుచ్చి చూస్తే మిషను 17 లోపే చూపించింది. అవే బస్తాలు అదే రోజు ఇంకోచోట దింపితే 19 దాటింది. పేర్లెందుకు లెండి. ఆ రెండు అంకెల మధ్య తేడా మా నాన్న జేబులోంచి పోయింది. ఏ మిషను నిజం చెప్పిందని నన్నడిగాడు. ఆ ప్రశ్న స్పాక్‌ని ఎవరూ అడగరు.

మన ఊళ్ళోనే చూడండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పడితే మద్రాసు నక్షత్రశాల నుంచి పోగ్సన్ దొర వచ్చి మన బందరులో పరికరం పెట్టుకున్నాడు. జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన గుంటూరులో పెట్టుకున్నాడు. చీకటి ఉన్నది కొద్ది నిమిషాలే. ఆ కాస్తలో సూర్యుడి అంచున వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతా, కాదా అని సందేహం. తరువాత దాన్ని కొత్త మూలకమని లాక్యెర్ అన్నాడు, హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద ఆ వాయువును రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది. అంటే 27 ఏళ్ళు! ఈ 27 ఏళ్ళ సందేహమే నాకు కథలా అనిపిస్తుంది. స్పాక్‌కి రెండు క్షణాల పని.

ఇంకొక భాగంలో కిర్క్ తప్పించుకునే అవకాశం ఎంత అని అడిగితే, ఖచ్చితంగా చెప్పడం కష్టమంటూనే 7824.7కి ఒకటి అంటాడు స్పాక్. ఉజ్జాయింపు లెక్కకి దశాంశ స్థానం! అలా వ్రాస్తే మా ఫిజిక్సు సారు రికార్డులో ఎర్ర సిరాతో కొట్టేస్తారు. సరే, అంకె పోనీయండి. కేప్టెన్ ఆ లెక్కను పట్టించుకోడు, గెలుస్తాడు. ఇది దాదాపు ప్రతివారం జరిగేదే.

మాకెలా జరుగుతుందో చెబుతాను. 2023 డిసెంబరు మొదటి వారం. నాగాయలంక దిగువన మా మూడెకరాల్లో ఎకరంన్నర కోసి పనల మీద ఉంది, మిగతాది నిలబడి ఉంది. మిచౌంగ్ తుపాను నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటుతుందని చెప్పారు. మ్యాపులో అది గోరంత. నాన్న సెల్‌ఫోను నా చేతిలో పెట్టి "సైన్సు చదువుతున్నావు గదరా, మనకాడ ఎంత పడుద్దో చూడు" అన్నాడు. చూశాను. ఒకచోట ఒకలా ఉంది, ఇంకోచోట ఇంకోలా ఉంది. "తెలవట్లేదు నాన్నా" అన్నాను. డిగ్రీలో చేరిన మొదటి ఏడు అది, ఆ మాట అనడానికి సిగ్గేసింది. కూలీలు దొరక్క మేమే ఎకరం పనలు కుప్పేశాం. అరెకరం మిగిలిపోయింది. 5వ తేదీన తుపాను బాపట్ల దగ్గర దాటింది. వాతావరణ శాఖ తప్పు చెప్పలేదు. కాని నిలబడ్డ చేను పడిపోయింది, మిగిలిన అరెకరం పనలు నీళ్ళలో మొలకెత్తాయి. అంత పెద్ద తుపానును ముందే పట్టుకోగలిగిన సైన్సు మా అరెకరం గురించి చెప్పలేదు. ఆ మధ్యనున్న ఖాళీలోనే మా ఇల్లు ఉంది.

1977 నవంబరు 19న నాయనమ్మకు ఇప్పటి నా వయసు. రేడియోలో వాయుగుండమన్నారట. ఏటా చెప్పేదేగా అని ఎవరిళ్ళలో వాళ్ళుండిపోయారు. కిర్క్ చేసిందీ అంతకన్నా వేరేమీ కాదు. ఉప్పెన వచ్చాక ఆవిడ తుమ్మచెట్టు పట్టుకుని తెల్లార్లూ ఉంది. ఇంట్లో ఏడుగురిలో ముగ్గురు మిగిలారు. సీమ మొత్తం మీద పది వేలకు పైగా పోయారు. 1864లో బందరు ఉప్పెనకి ముప్ఫై వేలు. స్టార్ ట్రెక్‌లో ఎర్రచొక్కావాడు దిగాడంటే పోతాడని అభిమానులే నవ్వుకుంటారు. వాడికి చాలాసార్లు పేరు కూడా ఉండదు, ఆఖర్న కేప్టెనూ డాక్టరూ ఒక హాస్యమాడి ఓడ సాగిపోతుంది. నాయనమ్మ ప్రతి కార్తీకంలో ఆ నలుగురి పేర్లూ వరసగా చెప్పుకుంటుంది. ఆవిడ పక్కన కూర్చుని ఆ హాస్యానికి నేను నవ్వలేకపోయాను.

కథని కథలా చూడమంటారు మామయ్య. చూశాను, ఒకచోట నచ్చింది కూడా. గనిలో మనుషుల్ని చంపుతున్న హోర్టా అనే రాతి జంతువు కథ. దాని ఒళ్ళంతా సిలికాన్‌తో అయిందట. (మన ఊకను కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, కనుక నాకు అదేమీ కొత్త చుట్టం కాదు.) అక్కడ ట్రైకార్డర్ చాలదు. స్పాక్ దాన్ని చేత్తో తాకి, దాని నొప్పికి తాను కేక పెడితేగాని అది గుడ్లను కాచుకుంటున్న తల్లి అని తెలియదు. ఆ ఒక్కచోట తెలుసుకోవడానికి ఖరీదుంది. 55లో ఆ ఒక్కటీ మళ్ళీ చూశాను.

మూడో సీజను ఇంకా మిగిలే ఉంది. అది అంత బాగోదని అభిమానులే అంటారు. మొన్న మామయ్య ఫోను చేసి ఎంతవరకూ వచ్చిందిరా అని అడిగితే, మినుము పీకుళ్ళయ్యాక చూస్తానని చెప్పాను.