సేవకి వెళ్తే షికారు తప్పా?

మా చెల్లెలి కూతురు మూడు నెలలు జాంబియాలో ఓ బడి పిల్లలకి పాఠాలు చెప్పింది. తిరుగు ప్రయాణానికి ముందు శని, ఆదివారాలు విక్టోరియా జలపాతం చూసొస్తానంటే ఇంట్లో పెద్దవాళ్లు, "సేవకి వెళ్లావా, షికారుకా?" అన్నారు. నన్నడిగితే, చూడకుండా రావడమే తప్పు.

జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున, వంద మీటర్లకు పైగా ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. 1855లో లివింగ్‌స్టన్ అనే యాత్రికుడు దాన్ని చూసి తమ రాణి పేరు పెట్టాడు. కానీ అక్కడివాళ్లకి అది ఎప్పట్నుంచో ‘మోసి-ఓవా-తున్యా’. అంటే ఉరిమే పొగ. ఎంత చక్కని పేరో చూడండి!

పుస్తకాలు చాలని పిల్లల్ని మాత్రమే చూసి వచ్చేస్తే ఆ దేశం మీద మనకి జాలి ఒక్కటే మిగులుతుంది. జాలిపడేటప్పుడు మనం ఓ మెట్టు పైనే ఉంటాం. అదే ఆ జలపాతం ముందు నిలబడితే, ఆ సంపద వాళ్లది, మనం చూడవచ్చిన అతిథులం. టికెట్టు కొన్నా, దారిలో చెక్కబొమ్మ కొన్నా అది దానం కాదు, బేరం. ఇద్దరికీ గౌరవమే.

కష్టాన్ని చూసిన కళ్లు గొప్పతనాన్నీ చూడాలి. అప్పుడే సేవ స్నేహమవుతుంది. మీరేమంటారు?