పరామర్శ కరవైన దుఃఖము

ఒక యింట మరణము సంభవించినచో ఏమి చేయవలెనో మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెత్తురు; బంధువులు పరామర్శకు వత్తురు; దినవారములు ముగియువరకు ఆ యింటివారిని ఒంటరిగా విడువరు. కాని ఒక వివాహము విచ్ఛిన్నమైనపుడు ఆ గడప త్రొక్కువారే అరుదు. వచ్చినవారును తప్పెవరిదని విచారించుటకు వత్తురేగాని ఓదార్చుటకు గాదు.

తామై కోరి విడిపోయినవారికి దుఃఖమేమని కొందరందురు. ఇది సరికాదు. పెండ్లినాడు ఊహించుకొన్న జీవితము, అలవాటైన యిల్లు, కలసిపోయిన బంధుత్వములు, అన్నియు ఒక్కసారిగా దూరమగును. విడిపోవుట మేలని నిశ్చయించుకొన్నవారికిని ఈ నష్టము తప్పదు. పురుషుడు పైకి చెప్పుకొనకపోవచ్చును; అంతమాత్రమున అతనికి బాధ లేదనరాదు.

ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున 1949లోనే హిందువులకు చట్టరీత్యా విడాకుల హక్కు కలిగినది. 1955లో హిందూ వివాహ చట్టము వచ్చినది. 1976లో ఉభయుల సమ్మతితో విడిపోవు మార్గమును ఏర్పడినది. చట్టము ఇంత దూరము వచ్చినను, సంఘము ఇంకను గుసగుసలకడనే నిలిచియున్నది.

తరతరములుగా తమిళదేశమున స్థిరపడిన మనకు ఈ విషయమున బాధ్యత మరింత హెచ్చు. మనము సంబంధములను చాలవరకు మనవారిలోనే కుదుర్చుకొందుము. ఆంధ్రదేశమునుండియు కోడండ్రను తెచ్చుకొందుము. అట్లు వచ్చిన స్త్రీకి సంసారము చెడినచో పుట్టిల్లు దూరము. న్యాయస్థానమునుండి తమిళమున వచ్చిన కాగితమును చదువుకొనజాలదు. దానిని చదివి చెప్పుటయు, వాయిదానాడు తోడు వెళ్లుటయు మనవారు చేయదగిన సహాయములు.

తక్కినవియు కష్టసాధ్యములు కావు. పేరంటములకు, ఉగాది సభకు వారిని మునుపటివలెనే పిలువుడు. కారణము అడుగకుడు, వారై చెప్పినచో వినుడు. దెబ్బలు తిని బయటపడిన స్త్రీతో సర్దుకొనిపొమ్మని చెప్పకుడు. పిల్లలయెదుట తల్లినిగాని తండ్రినిగాని నిందింపకుడు. మొదటి వారము పలుకరించి మరచుట గాక, ఆరునెలల పిమ్మటను ఒకసారి వారి యింటికి వెళ్లిరండు.

ఆ పెండ్లిపందిట అక్షతలు వేసి దీవించినవారము మనమే. ఆ పెండ్లి నిలువనినాడు ముఖము చాటువేయుట మనకు తగదు.