రెజ్యూమెలో మన పని ఏది?



డిగ్రీ పరీక్షలు అయిపోగానే మనలో చాలామంది చేసే మొదటి పని, విజయవాడ గవర్నరుపేటలోనో ఏలూరు రోడ్డులోనో ఒక జిరాక్స్ షాపుకు వెళ్లి "అన్నా, ఒక రెజ్యూమె టైపు చేసివ్వు" అని అడగడం. అక్కడి కంప్యూటర్లో ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది. పేరు, మార్కులు మార్చి ప్రింటు తీసి ఇస్తారు. పైన ఇంగ్లీషులో ఒక ఆశయం, కింద కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం అని రెండు మాటలు. అవనిగడ్డ అబ్బాయిదైనా, నూజివీడు అమ్మాయిదైనా అదే కాగితం. వంద దరఖాస్తులు తిరగేసే అధికారికి అందులో మనిషి ఎలా కనిపిస్తాడు?

మన ఇంగ్లీషు అంతంత మాత్రమని బాధపడతాం గానీ, అసలు లోపం వేరే ఉందని నా అభిప్రాయం. మనం చేసిన పనిని మనమే పనిగా లెక్కపెట్టం.

మెస్ కమిటీలో ఏడాది ఉన్న విద్యార్థి ఏం చేస్తాడు? బియ్యం, కందిపప్పు, నూనె ఎంత వచ్చాయో, ఎంత ఖర్చయ్యాయో స్టాకు రిజిస్టరులో చూస్తాడు. కూరగాయల తూకం దగ్గర నిలబడతాడు. కూర బాగాలేదని గొడవ వస్తే పిల్లలకూ వంటవారికీ మధ్య సర్దిచెబుతాడు. గోడౌనుకైనా, సూపర్ మార్కెట్టుకైనా కావలసింది ఇలాంటి మనిషే. కాని అతని రెజ్యూమెలో "అనుభవం: లేదు" అని ఉంటుంది. సెలవుల్లో పెడనలో కలంకారీ అద్దకానికి వెళ్లిన అమ్మాయిది, ఆటోనగర్ షెడ్డులో పనిచేసిన అబ్బాయిది, చిన్న తరగతులకు లెక్కలు చెప్పిన సీనియరుది కూడా ఇదే వరుస. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మానాన్నల కష్టానికి ఏ కాగితమూ లేదు. మన కష్టానికైనా ఒకటి ఉండొద్దా?

ఉత్త మాటలతో కాక, లెక్కతో రాయండి. "మెస్ కమిటీ సభ్యుడు" అని వదిలేయకుండా, "120 మంది ఉన్న హాస్టల్లో ఏడాదిపాటు సరుకుల రిజిస్టరు చూశాను" అన్నట్టు రాయాలి. అంకె నిజమైనదే కావాలి. ఇంటర్వ్యూలో ప్రశ్న దాని మీదే వస్తుంది. ఒక పేజీ చాలు. చివరి చదువు ముందు రాయాలి. ప్రకటనలో టాలీ అడిగితే, మీకు టాలీ వస్తే ఆ మాటే రాయండి. ఇప్పుడు చాలా పెద్ద కంపెనీల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేరే వడపోస్తుంది. గళ్లు, బొమ్మలు ఉంటే అది సరిగా చదవలేకపోవచ్చు.

ప్రైవేటు ఉద్యోగానికి కులం, మతం, తండ్రి వృత్తి రాయనక్కర్లేదు. అది పాత బయోడేటా అలవాటు. ప్రభుత్వ ఉద్యోగం సంగతి వేరు. అక్కడ రిజర్వేషన్ రాజ్యాంగం ఇచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం దగ్గర ఉంచుకోండి.

"పేరు చూస్తేనే కులం తెలిసిపోతుంది కదా" అంటారు కొందరు మిత్రులు. నిజమే. ఆచార్య సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ పత్రికా ప్రకటనలకు సమానమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. దళితుల పేర్లకు, ముస్లింల పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో ప్రచురించారు. మంచి రెజ్యూమె ఒక్కటే ఈ అన్యాయాన్ని పోగొట్టలేదు. అలాగని దాచుకుంటే తీరేదీ కాదు. 1917లో కొలంబియా చదువుతో బరోడా కొలువుకు వెళ్లిన అంబేడ్కర్‌కు ఉండటానికి చోటు దొరక్క, పార్సీ పేరుతో సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆయన మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్సీ. పట్టా తెచ్చుకున్నారు. మన హాస్టల్ పేరు చెప్పడానికి మనం ఎందుకు సిగ్గుపడాలి?

చివరగా రెండు కోరికలు. మెస్ కమిటీలో, ట్యూషన్లలో పనిచేసిన విద్యార్థులకు ఏటా ఒక ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా వార్డెన్ గారిని కోరుతున్నాను. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఏడాదికి ఒక ఆదివారం వచ్చి, చివరి సంవత్సరం వారి దగ్గర కూర్చుని రెజ్యూమె రాయించండి. ఈ ఏడాది ఆ ఆదివారానికి నేను వస్తాను.