కంతావనొ: ఊనిక ఎక్కడ?

ఇటాలియన్ మాటలన్నింటా ఉపాంత్యాక్షరం మీదనే, అంటే చివరినుండి రెండవదాని మీదనే, ఊనిక నిలుస్తుందని బోధించేవారితో నాకు పేచీ ఉన్నది. మన తెలుగును ‘తూర్పు ఇటాలియన్’ అంటారు గదా, ఆ పడమటిది ఎటువంటిదో చూద్దామని ఉద్యోగ విరమణానంతరం అక్షరాభ్యాసం చేసి, ఆ సూత్రాన్ని నమ్మి నెలల తరబడి తప్పు చదివినవాణ్ణి నేను.

‘కంతారె’ అంటే పాడుట. పని జరుగుతూ ఉండినదని చెప్పే భూతకాలంలో దాని రూపాలు కంతావొ, కంతావి, కంతావ, కంతవామొ, కంతవాతె. అయిదింటా సూత్రం నిలిచింది. ఆరవది, ‘వారు పాడుచుండిరి’ అనేది, కంతావనొ. ‘కంతవానొ’ కాదు! కం-తా-వ-నొ అని నాలుగక్షరాలు, ఊనిక రెండవదానిపై.

దీనిని అపవాదమని తోసివేయడం అన్యాయం. లాటిన్‌లో ఇది ‘కంతాబంత్’. అక్కడ ‘తా’ ఉపాంత్యమే. తరువాత తుది తకారం పోయి ఒకారం చేరగా అక్షరం పెరిగినది గాని, ఊనిక చోటు కదలలేదు.

మనబోటి ఛందస్సువారికి ఇంకొక గుంట ఉన్నది. సున్నతో ‘కం’ గురువే. అయినా ఊనిక దానిపై లేదు.

ఇటాలియన్ లిపి ఇక్కడ ఊనికకు గుర్తు పెట్టదు. ఊనిన అచ్చు ఈ రూపాలలో సాగి పలుకుతుంది గనుక మన దీర్ఘం దానికి చక్కగా సరిపోతుంది. అటువంటి సౌకర్యాన్ని ‘కాంటావానో’ అని కనిపించిన ప్రతి అచ్చుకూ దీర్ఘం తగిలించి, తకారాన్ని టకారం చేసి, మనమే పాడుచేసుకుంటున్నాము. ‘వారు ఉండిరి’ అనే ‘ఏరనొ’ను నేనూ ‘ఎరానొ’ అని ఎన్నిసార్లు పలికినానో!