వీసా చేతికి రాకముందే

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఆ తర్వాత దాదాపు లక్షా డెబ్భై వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. అది పత్రికల మొదటి పేజీకెక్కిన కష్టం. ఇంటిపనికని గల్ఫ్ వెళ్ళి నాలుగ్గోడల మధ్య చిక్కుకున్న కోనసీమ ఆడవాళ్ళ కష్టం అలా ఎక్కదు.

మనదాకా వచ్చేదల్లా ఓ నిమిషం వీడియో. బాత్రూమ్ గడియ పెట్టుకుని, గొంతు తగ్గించి, ఏడుపు ఆపుకుంటూ ఎలాగైనా తీసుకెళ్ళమని వేడుకోలు. నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) బీరువాలో ఉంది. ఆయన వద్దంటే ఇంకో ఇంట్లో చేరడానికీ లేదు. ఆ వీడియో పదిమందికీ పంపడం దండగ అనను. అలా ఇల్లు చేరినవాళ్ళున్నారు. కానీ అది ఇల్లు కాలాక చేసే పని.

వీసా రాకముందే జరగాల్సిన అసలు ప్రచారం చేయగలిగింది తిరిగొచ్చిన ఆడవాళ్ళే. డ్వాక్రా సమావేశంలో వాళ్ళు చెప్పే నాలుగు ముక్కల ముందు మా సంపాదకీయాలు ఏపాటి? ఇంటిపనికి వెళ్ళే మహిళకు ముప్పై ఏళ్ళు నిండాలని, 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లు వాళ్ళను పంపకూడదని, పంపడానికి ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉందని, రెండేళ్ళకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రవాసీ బీమా వస్తుందని ఎన్ని ఇళ్ళలో తెలుసు?

మీ వీధిలో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఈ పేజీ చదివి వినిపించండి. విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటుకు మాత్రం పాస్‌పోర్టు ఇవ్వనీయకండి.