పెద్దల సభ దండగంటే నేనొప్పుకోను

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, తీరిక చూసుకుని చదవండి.

మొన్న కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరుతుంటే మా అన్న కొడుకు ఫోన్లో వార్తలు చూస్తా అన్నాడు: "బాబాయ్, ఈ రాజ్యసభ దేనికి? మనం ఓటెయ్యం. ఓడిపోయినోళ్ళనీ డబ్బున్నోళ్ళనీ తీసుకెళ్ళి కూర్చోబెడతారు. ఎత్తేస్తే పోలా?" కూర్చున్నవాళ్ళందరూ అవునంటే అవునన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. వాడన్న దాంట్లో సగం నిజమే. ఆ మిగతా సగం గురించే ఈ పోస్టు.

లోక్‌సభ అందరికీ తెలిసిందే. 543 మంది, మనమే ఓట్లేసి పంపుతాం, అయిదేళ్ళు. ప్రభుత్వం నిలవాలన్నా పడిపోవాలన్నా అక్కడే. రాజ్యసభలో 245 మంది. అందులో 233 మందిని రాష్ట్రాల, కొన్ని కేంద్రపాలిత ప్రాంతాల ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. ఆంధ్రాకి 11, తెలంగాణకి 7. (ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న 18 మందిని 2014లో చీట్లు తీసి పంచారు. ఆంధ్రా ఆయన తెలంగాణ వాటాకీ, తెలంగాణ ఆయన ఆంధ్రా వాటాకీ పోయిన విడ్డూరం కూడా జరిగింది.) ఒక్కొక్కరికి ఆరేళ్ళు. రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, కొత్తవాళ్ళొస్తారు. సభ మాత్రం ఎప్పుడూ రద్దు కాదు.

దాన్ని అలా ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఒక్క ఎన్నికల గాలికి లోక్‌సభ మొత్తం ఒకవైపు ఊగిపోవచ్చు. రాజ్యసభ అట్లా ఊగదు, అక్కడ పాత గాలిలో వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. కొత్త ప్రభుత్వం తొందరపడి ఏదన్నా తెస్తే, "ఆగండి, ఇంకోసారి చూద్దాం" అనే మనిషి ఒకడు ఇంట్లో ఉన్నట్టు.

ఇది పుస్తకాల మాట అనుకునేరు. 2015 గుర్తు చేసుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకి భూమి తీసుకోవాలంటే నూటికి 80 మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేసే పనికైతే 70 మంది. ఊరి మీద దాని ప్రభావమేంటో ముందే లెక్కగట్టాలి. 2014 డిసెంబరు ఆఖర్న ఆర్డినెన్స్ తెచ్చి, పారిశ్రామిక కారిడార్లతో సహా అయిదు రకాల పనులకి ఈ రెండూ అక్కర్లేకుండా చేశారు. 2015 మార్చిలో బిల్లు లోక్‌సభలో గెలిచింది. రాజ్యసభలో ప్రభుత్వానికి బలం లేదు, బిల్లు అక్కడే ఆగింది. ఆర్డినెన్స్ మూడుసార్లు ఇచ్చి, చివరికి ఆగస్టు 31న వదిలేశారు. లోక్‌సభ ఒక్కటే ఉండుంటే ఆ మార్చిలోనే అయిపోయేది. "నేనివ్వను" అని ఒక రైతు అనగలిగే మాట ఆ సభ వల్లే బతికింది. తర్వాత మన రెండు రాష్ట్రాలూ రాష్ట్రపతి ఆమోదంతో సొంత సవరణలు చేసుకుని కొంత సందు తెరుచుకున్నాయి, అది మన ఇంటి దొంగతనం. దానికి రాజ్యసభని అని లాభం లేదు.

ఇప్పుడు రెండో వైపు చెప్తాను. 2020 సెప్టెంబరు 20, ఆదివారం. మూడు సాగు చట్టాల్లో రెండు బిల్లులు ఆ రోజు రాజ్యసభకొచ్చాయి. ఆ చట్టాలు మంచివా కాదా అన్నది వేరే సంగతి. యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చన్న మాట నాకూ నచ్చింది, నచ్చలేదని అబద్ధం చెప్పను. కానీ వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి జాబితాలో ఉందని ఆ కొసని పట్టుకుని కేంద్రం చట్టం చేసింది. రాష్ట్రాల సభ అని పేరున్నాక, నిమ్మళంగా కూర్చుని చూడాల్సిన బిల్లంటే ఇదే కదా? సెలెక్ట్ కమిటీకి పంపమన్నారు, పంపలేదు. ఓట్లు లెక్కపెట్టమన్నారు, నోటి ఓటుతోనే అయిందనిపించారు. అడిగినవాళ్ళు సీట్లలో లేరని ప్రభుత్వం వైపు వాదన. గొడవ జరిగిన మాటా నిజమే, మర్నాడు ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు. కానీ చేతులు లెక్కపెట్టడానికి ఎంతసేపు పట్టుద్ది? ఆ రోజు సభలో మిగుల్చుకున్న టైముకి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో చలిలో ఏడాది పైన కూర్చుని బాకీ తీర్చారు. 2021 నవంబరు 29న రద్దు బిల్లు కూడా చర్చ లేకుండా, రెండు సభల్లోనూ ఒక్క రోజులోనే అయిపోయింది. పెట్టేటప్పుడు చూడలేదు, తీసేటప్పుడూ చూడలేదు.

మన విభజన బిల్లూ అంతే. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ. ప్రత్యేక హోదా అయిదేళ్ళు ఇస్తామని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఆ రాజ్యసభలోనే చెప్పారు. చట్టంలో మాత్రం రాయలేదు. ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్ళీ లోక్‌సభకి పోవాలి, ఎన్నికలేమో ముంచుకొచ్చాయి. నోటి మాట మీద పొలం కౌలుకిచ్చినట్టయింది మన పని.

అంటే తప్పు సభ ఉండటంలో లేదు, అది తన పని తాను చెయ్యకపోవడంలో ఉంది. ఎందుకు చెయ్యట్లేదంటే, అక్కడ కూర్చున్నాయన మనకి జవాబుదారీ కాదు, సీటిచ్చిన పార్టీకి జవాబుదారీ. 2003లో రెండు మార్పులు చేశారు. అంతకు ముందు ఏ రాష్ట్రం నుంచి వెళ్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. ఇప్పుడు దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. 2020లో ఆంధ్రా నుంచి ఎన్నికైన పరిమళ్ నత్వానీ గారిది గుజరాత్. ఆయన్ని తప్పుపట్టను, చట్టం ఒప్పుకుంది, సుప్రీంకోర్టు కూడా 2006లో సరేనంది. కానీ రాష్ట్రాల సభలో మన రాష్ట్రం గొంతేదని అడగాలా వద్దా? రెండో మార్పు బహిరంగ ఓటు. ఎమ్మెల్యే తన బ్యాలెట్ పార్టీ ఏజెంటుకి చూపించి మరీ వెయ్యాలి. ఓట్లు కొనకుండా ఉండటానికన్నారు, అదీ నిజమే. పార్టీ ఎవర్ని చెప్తే వాళ్ళే అన్నది మాత్రం దాంతో ఖాయమైంది.

ఇంతకీ మన చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. ఆంధ్రాలో 175 మంది ఎమ్మెల్యేలు. మూడు సీట్లు ఖాళీ అయితే 44 ఓట్లకి ఒకరు గెలుస్తారు. ఆ 44 మందిలో మీ ఎమ్మెల్యే ఒకరు. ఆయనేసే ఆ ఓటు మీరేసిన ఓటులోంచి పుట్టిందే. ఊళ్ళోకొస్తే సిమెంటు రోడ్డు అడుగుతాం, కరెంటు స్తంభం అడుగుతాం, పెళ్ళికి రమ్మంటాం. "ఢిల్లీకి ఎవర్ని పంపావయ్యా, ఆయనకి పొలం గట్టు తెలుసా?" అని ఒక్కడన్నా అడిగాడా? నేనూ అడగలేదు, ముప్పై ఏళ్ళుగా ఓటేస్తా కూడా.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. రాజ్యసభ సభ్యుడికి కూడా లోక్‌సభ ఎంపీ లాగే ఏడాదికి 5 కోట్ల నిధులుంటాయి. తనని ఎన్నుకున్న రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా ఖర్చు పెట్టొచ్చు. మా మండలంలో అట్లాంటి సభ్యుడి పేరు రాసున్న బోర్డు నేను చూడలేదు. మీ దగ్గరుంటే చెప్పండి, సంతోషిస్తాను.

ఇదంతా విని మా అన్న కొడుకు, "సరే బాబాయ్, ఇప్పుడు మన ఆంధ్రా 11 మంది పేర్లు చెప్పు" అన్నాడు. నాకు నలుగురే వచ్చాయి. వాడికి ఒక్కటీ రాలేదు. రాత్రి ఫోన్లో వెతికి పదకొండూ కాగితం మీద రాసుకున్నాను. ఈసారి ఎమ్మెల్యే గారు రచ్చబండ దగ్గరికొస్తే జేబులోంచి అదే తీస్తా.