గృహశిల్పం: తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నారు పెద్దలు. క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు దగ్గరపడిన ప్రతి కుటుంబానికీ ఈ సామెత అనుభవంలోకి వస్తుంది. స్మృతి నగర్‌లో సొంత ఇల్లు సిద్ధమవుతుంది. కొత్త ఇంటికి కొత్త సామానే ఉండాలంటారు పిల్లలు. తండ్రిగారి నాటి టేకు కుర్చీ, పిల్లలను ఊపిన ఉయ్యాల, ఆంధ్రదేశం నుండి మొదటిసారి రైలు దిగిన నాడు వెంట తెచ్చుకున్న ఇనుప ట్రంకు పెట్టె వరండాలోకి చేరతాయి. మరునాడు కబాడీ బండి వస్తుంది. ఇనుము తూకానికి, కలప వంటచెరకు ధరకు వెళ్ళిపోతాయి.

ఆ బండిని పిలిచే ముందు రెండు, మూడు ఆదివారాలు వెచ్చించమని పాఠకులకు నా మనవి. కావలసినవి చవకైనవే: ఇసుక కాగితం, జిగురు, తాడు, కొంచెం లక్క, కొంత ఓర్పు.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

పాతదంతా బంగారం కాదు. నీరు తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డుపై శ్రమ వృథా. టేకు, మద్ది, సాల వంటి గట్టి కలప అయితే గోటితో నొక్కి చూడండి. చేవ ఉన్న కలప లొంగదు. పుచ్చు రంధ్రాలు కనబడినంత మాత్రాన భయపడనక్కరలేదు. కింద నల్లని కాగితం పరచి వారం రోజులు గమనించండి. మెత్తని పిండి రాలితే పురుగు ఇంకా లోపల ఉన్నట్లు. ఏమీ రాలకపోతే అది బహుశా పాత గాయమే. పిండిపురుగు సాధారణంగా చేవలేని తెల్లని భాగాన్నే తింటుంది గనుక, ఆ ముక్కను మాత్రం మార్పించి తక్కినదానిని కాపాడుకోవచ్చు.

కదిలే కుర్చీకి మేకు మందు కాదు

కుర్చీ ఊగగానే మేకు కొట్టడం మనకు అలవాటు. మేకు కుసిని చీలుస్తుంది, లోపం మరింత ముదురుతుంది. కుసిని బెజ్జం నుండి మెల్లగా ఊడదీసి, పాత జిగురును పూర్తిగా గీకివేయాలి. మన తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఫెవికాల్ కూడా ఆ ఏడాదే బజారుకు వచ్చింది. అంతకు ముందటి సామానులో వడ్రంగులు ఎక్కువగా వాడినది వేడిచేసి పూసే సరేసు. అది వేడినీటి గుడ్డకు మెత్తబడుతుంది. తెల్ల జిగురు కలప పోగులలోకి ఇంకితేనే పట్టు దొరుకుతుంది. పాత జిగురు మీదనో పాలిష్ మీదనో పూస్తే నిలువదు.

జిగురు పూసిన తరువాత కుర్చీ చుట్టూ తాడును రెండు పేటలుగా చుట్టి, మధ్య కర్రముక్క దూర్చి మెలిపెట్టండి. ఖరీదైన క్లాంపు చేసే పనిని ఈ తాడే చేస్తుంది. బిగించాక రెండు కర్ణాలను కొలవండి. అవి సమానంగా ఉంటే చట్రం మూలమట్టంలో ఉన్నట్లే. ఒక పూర్తి రోజు కదిలించకుండా ఉంచాలి.

భిలాయి వాతావరణాన్ని కూడా గుర్తుంచుకోవాలి. వర్షాకాలంలో కలప తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఆరి బిగుసుకుంటుంది. జూలైలో పట్టేసిన సొరుగును చిత్రిక పట్టిస్తే ఏప్రిల్ నాటికి అది వదులై ఊగుతుంది. వర్షాలు తగ్గేదాకా ఆగి, అంచులకు కొవ్వొత్తి మైనం రుద్దితే చాలాసార్లు అదే చాలు.

ఉయ్యాల విషయంలో జాగ్రత్త

మనుమడు పుట్టగానే అటక మీది ఉయ్యాల దించి, గీకి, కొత్త రంగు వేయాలన్న ఆశ సహజం. కాని పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆ పని చేయరాదు. చేయక తప్పకపోతే ఆరుబయట, తడిపిన ఇసుక కాగితంతో, ముక్కుకు తగిన మాస్కు కట్టుకొని చేసి, తడిగుడ్డతో తుడవాలి. రంగు వేసిన కర్రను పొయ్యిలో పెట్టరాదు. పిల్లలు అంచును నోట పెట్టుకుంటారు కనుక, రంగు వేసిన పాత ఉయ్యాలను చూసుకునే జ్ఞాపకంగా ఉంచి, పసివాడిని కొత్తదానిలో పడుకోబెట్టడమే వివేకం.

లక్క మెరుగు

రంగు లేని టేకుకు లక్క పాలిష్‌ను మించిన అందం లేదు. మన ఛత్తీస్‌గఢ్ అడవులలో కుసుమ, మోదుగ చెట్లపై లక్క పురుగులు కూర్చే పదార్థమే ఇది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు మెరుపునిచ్చేదీ ఈ లక్కే. తిరిగే కర్రకు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంట్లో విధానం ఇది. లీటరు స్పిరిట్‌లో సుమారు 150 గ్రాముల లక్క పెచ్చులు వేసి రాత్రంతా నాననివ్వండి. గాజు సీసాయే వాడండి. ఇనుప డబ్బాలో లక్క నల్లబడుతుంది. దూదిని నూలుగుడ్డలో పొట్లంగా కట్టి, పలుచని పొరలుగా, ఒకటి ఆరిన తరువాత మరొకటి పూయాలి. ముసురు పట్టిన రోజున పూస్తే పొర తెల్లబారుతుంది. వేడి గిన్నెలకు మచ్చలు పడతాయి కనుక భోజనాల బల్లకు ఇది పనికిరాదు. స్పిరిట్ మంటకు అందితే క్షణంలో అంటుకుంటుంది, వంటగదికి దూరంగా ఉండండి. అవిసె నూనె వాడినవారు ఆ గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. నూనె గాలితో కలిసేటప్పుడు వేడి పుట్టి, నిప్పు లేకుండానే అవి మండగలవు. నీటిలో ముంచి, ఆరుబయట విప్పి ఆరవేయండి.

ట్రంకు పెట్టె, అమ్మ బొంత

ట్రంకు పెట్టె తుప్పు పట్టి ఉంటే ముందు తీగ బ్రష్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూత వేసి, ఆపై రంగు వేయండి. తుప్పు మీద వేసిన రంగు మూడు నెలలు కూడా నిలువదని ఉక్కు కార్మికులకు నేను వేరే చెప్పనక్కరలేదు. అయితే పాత రంగు కూడా ఊడేటట్లుంటే, ఉయ్యాలకు చెప్పిన జాగ్రత్తలే దీనికీ వర్తిస్తాయి. పైన పాత చీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి పరచితే కిటికీ పక్కన కూర్చునే ఆసనం, లోపల దుప్పట్లు దాచుకునే పెట్టె రెండూ అవుతాయి. బొంత కుట్టే విద్య ఇంట్లోని పెద్దలకు తెలిసినదే, మనుమరాలికి నేర్పే అవకాశం కూడా దొరుకుతుంది.

అన్నిటినీ ఒక్కసారిగా పట్టుకోకండి. ఇంట్లో అందరికీ ఇష్టమైన ఒక వస్తువుతో మొదలుపెట్టండి. అది కుదిరిన తరువాత, వరండాలోని తక్కిన సామానులో ఏది ఉండాలో ఏది పోవాలో మీకే తెలుస్తుంది. వచ్చే సంచికలో నులక, నవారు మంచాల అల్లిక గురించి ముచ్చటించుకుందాం.